విదేశీ వైద్యవిద్యకు కురవి కొలబద్ద

మానుకోట దగ్గరి కురవి చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో ‘మా పోరడు ఫిలిప్పీన్స్‌ల డాక్టర్ చదువుతుండు’ అన్న మాట ఇప్పుడు ఎవరికీ వింత కాదు. కిర్గిజిస్తాన్, జార్జియా, కజకిస్తాన్ పేర్లు మిర్చి రైతుల నోట కూడా వినిపిస్తున్నాయి. మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ చెప్పి రిటైరైనవాణ్ణి నేను. ఉద్యోగంలో ఉండగా, ఆ తర్వాత కూడా విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి మన పిల్లల కోసం కోర్సులు, మార్పిడి కార్యక్రమాలు తయారుచేసే కమిటీల్లో కూర్చున్నాను. నా దగ్గర చదువుకున్నవాళ్లు కొందరు ఇప్పుడు అదే పని చేస్తున్నారు. ‘సార్, మీకు తెలిసింది రాసిపెట్టండి’ అని అడిగారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

1. మొదటి కాగితం మీద జబ్బుల జాబితా ఉండాలి

ఒప్పందానికి కూర్చోగానే అందరూ సబ్జెక్టుల పట్టిక తీస్తారు. మొదటి ఏడు అనాటమీ, ఫిజియాలజీ, ఆ తర్వాత ఫార్మకాలజీ, ఇట్లా. దాన్ని కాసేపు పక్కన పెట్టించండి. చదువు ముగించి వచ్చిన పిల్లవాడు కురవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చుంటే ఎదురుగా ఎవరొచ్చి కూర్చుంటారో ముందు రాయండి. వానాకాలం జ్వరాలు, రక్తం తక్కువున్న గర్భిణులు, బీపీ, షుగర్ బిళ్లలు మధ్యలో ఆపేసినవాళ్లు, టీబీ మందు రెండు నెలలు మింగి ఇక బాగైంది కదా అని మానేసినవాళ్లు. వీళ్లతో పాటు పాము కాటు, పురుగుల మందు.

ఈ చివరి రెండింటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఏ దేశం సిలబస్ చూసినా ఇవి ఒక మూలన ఒకటి రెండు పేజీల్లో ఉంటాయి. మనకు అవే ప్రాణాల మీదికి వచ్చే కేసులు.

కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున మనిషి కడుపునొప్పి అని లేస్తాడు. గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పంపేవాళ్లున్నారు. రెప్పలు వాలుతున్నాయా, మింగడం కష్టమవుతోందా, ‘రాత్రి ఎక్కడ పండుకున్నవ్’ అని అడిగారా, అంతా అక్కడే తేలుతుంది. కిర్గిజిస్తాన్‌లోని బిష్కెక్ వార్డుల్లో ఆరేళ్లు తిరిగినా ఈ ప్రశ్న అడగాల్సిన అవసరం విద్యార్థికి రాదు.

పురుగుల మందు సంగతీ అంతే. పత్తి, మిర్చి పండే నేల మనది. డబ్బాలు ఇంట్లోనే ఉంటాయి. ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగిన మనిషిని తెస్తారు: నోట నురగ, ఒళ్లంతా చెమట, కనుపాపలు సూదిమొనంత, ఛాతీలో గురగుర. అట్రోపిన్ ఇవ్వాలని ప్రతి విద్యార్థికీ తెలుసు. ఎంత ఇవ్వాలన్నది మాత్రం మంచం పక్కన నిలబడితేనే తెలుస్తుంది. ఒక మోతాదు ఇచ్చి, ఐదు నిమిషాలు ఆగి, స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టి వినాలి. గురగుర తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేసి మళ్లీ వినాలి. ఊపిరి శబ్దం తేటపడాలి, చంకలో చెమట ఆరాలి, నాడి, బీపీ నిలదొక్కుకోవాలి. అప్పటిదాకా డాక్టర్ అక్కడి నుంచి కదలకూడదు. కనుపాపలు పెద్దవైతే చాలనుకోవడం పెద్ద పొరపాటు. రెండో రోజో మూడో రోజో రోగి తలగడ మీద నుంచి తల ఎత్తలేకపోతే శ్వాస కండరాలు కూడా బలహీనపడుతున్నాయేమోనని అనుమానించాలి. తాగింది గడ్డిమందు, అంటే పారాక్వాట్ అయితే, దానికి విరుగుడే లేదు. పైగా అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులకు ఇంకా చేటు. ఈ తేడా తెలియని డాక్టరు మంచి మనసుతోనే హాని చేస్తాడు.

అందుకే ముందు జాబితా అంటున్నాను. అది చేతిలో ఉంటే అవతలి విశ్వవిద్యాలయం ఏం నేర్పగలదో, ఏం నేర్పలేదో, నేర్పలేనిదాన్ని మనం ఎక్కడ నేర్పాలో వరసగా తేలుతుంది.

2. చట్టం చదవకుండా సంతకం పెట్టొద్దు

జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబర్ 18న విదేశీ వైద్య పట్టభద్రుల నిబంధనలు తెచ్చింది. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగొచ్చాక ఇక్కడ మరో 12 నెలలు. బోధన ఇంగ్లీషులో జరగాలి. ఆ దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసుకు నమోదయ్యే అర్హత రావాలి. చేరిన పదేళ్లలో అంతా ముగియాలి. విదేశంలో చేయాల్సిన చదువులోగానీ ఇంటర్న్‌షిప్‌లోగానీ ఏ భాగమూ ఇండియాలోనో మూడో దేశంలోనో చేయకూడదు. వీటికి ముందు, 2018 నుంచే, బయటికి వెళ్లాలంటే నీట్ అర్హత తప్పనిసరి.

ఫిలిప్పీన్స్ వెళ్లిన మన పిల్లల ఇబ్బంది అక్కడే మొదలైంది. అక్కడి పద్ధతిలో ముందు బీఎస్ చదివి, ఆపైన నాలుగేళ్ల ఎండీ. బీఎస్‌ను వైద్య కోర్సు కింద లెక్కపెట్టడానికి వీల్లేదని కమిషన్ చెప్పింది. మిగిలిన నాలుగేళ్లు 48 నెలలు. 54కు ఆరు నెలలు తక్కువ. నిబంధనల తేదీకి ముందు చేరినవాళ్లకు మినహాయింపు దొరికింది. ఆ తర్వాత చేరినవాళ్ల తల్లిదండ్రులు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ ఆరు నెలల లెక్క వాళ్లకు ఎవరూ చెప్పలేదని అర్థమైంది. కార్యక్రమం తయారుచేసేవాడు నెలల లెక్క మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేయాలి.

3. వార్డు భాష వేరు, తరగతి భాష వేరు

తరగతిలో ఇంగ్లీషు. వార్డులోకి వెళితే రోగి రష్యన్ మాట్లాడతాడు, లేదా జార్జియన్, లేదా ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో బిసాయా. విద్యార్థికి రోగి మాట అర్థం కాకపోతే ప్రొఫెసర్ వెనక నిలబడి చూస్తాడు తప్ప రోగిని అడగలేడు, తాకలేడు. ఆరేళ్లు అట్లా నిలబడితే చేతికి పట్టా వస్తుంది గాని రోగి కథ వినడం రాదు. మెడిసిన్‌లో సగం రోగనిర్ధారణ ఆ కథలోనే దొరుకుతుంది.

మొదటి రెండేళ్లలో స్థానిక భాషకు గంటలు రాయించండి. పరీక్ష కాగితం మీద కాదు, రోగి ముందు పెట్టించండి: ‘ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఏం తిన్నారు’ అని పది నిమిషాలు మాట్లాడి కేసు రాయాలి. నెగ్గితేనే వార్డు.

మన గడ్డ మీద ఈ భాష ప్రశ్న పాతదే. 1846లో హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం మెడికల్ స్కూల్ పెట్టినప్పుడు పాశ్చాత్య వైద్యాన్ని ఉర్దూలో బోధించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక ఎంబీబీఎస్ కూడా ఉర్దూలో నడిచింది. ఆ స్కూలు నుంచి వచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫాం మత్తు ఇవ్వడంలో పేరు తెచ్చుకుని, తర్వాత ఎడిన్‌బరో వెళ్లి చదువుకుంది. హైదరాబాద్‌లో మొదలైన చదువు ఆమెను ఎడిన్‌బరో గడప దగ్గర ఆపలేదు. ఆ రోజుల్లో పాశ్చాత్య వైద్యాన్నే ఉర్దూలో చెప్పగలిగితే, ఈరోజు మన విద్యార్థి కొంత రష్యన్, కొంత లంబాడీ, కొంత కోయ నేర్చుకోవడం పెద్ద పనేం కాదు. బయ్యారం, గూడూరు, కొత్తగూడ దిక్కు పోస్టింగ్ వస్తే ఆ చివరి రెండూ కావాలి.

4. ఎన్ని మంచాలని అడగండి

కరపత్రాల్లో భవనాల ఫొటోలు ఉంటాయి. మీరు అడగాల్సినవి వేరే. బోధనాసుపత్రిలో మంచాలెన్ని? ఒక్కో యూనిట్‌కు విదేశీ విద్యార్థులెందరు? విద్యార్థి ఎన్ని కాన్పులు చూడాలి, ఎన్ని చేయాలి, సూది, కుట్లు, కెథటర్ ఎన్నిసార్లు? మన దేశంలో 2019 నుంచి సామర్థ్యాధారిత పాఠ్యక్రమం నడుస్తోంది. ప్రతి నైపుణ్యానికీ లాగ్‌బుక్‌లో సంతకం పడాలి. అదే లాగ్‌బుక్‌ను విదేశీ సంస్థకు కూడా పంపండి. ‘మా పద్ధతి వేరు’ అంటే వినకండి. గాయానికి కుట్టు వేసే పద్ధతి అక్కడా ఇక్కడా ఒక్కటే.

5. స్క్రీనింగ్ పరీక్షను ఆఖరి ఏడుకు వదలొద్దు

విదేశంలో చదివి వచ్చినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే నెగ్గాల్సిన ఈ పరీక్ష 2002 నుంచి ఉంది. 300 ప్రశ్నలు, 150 మార్కులు రావాలి, ఏడాదికి రెండుసార్లు. ఒక్కో విడతలో నూటికి పాతిక మంది కూడా గట్టెక్కని సందర్భాలే ఎక్కువ. తిరిగొచ్చి హైదరాబాద్ గదుల్లో ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకుంటున్న పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ పిల్లలు తెలివి తక్కువవాళ్లు కాదు. వాళ్లకు ఏటా మన పద్ధతి ప్రశ్నలతో ఒక పరీక్ష పెట్టి, ఎక్కడ వెనకబడ్డారో ఆ ఏడే చెప్పే ఏర్పాటు ఎవరూ చేయలేదు. రెండో ఏడులోనే ఫార్మకాలజీ, పాథాలజీ మన పాఠ్యపుస్తకాలతో కలిపి చదివించండి.

6. నేర్చుకోవడానికి మంచి నమూనాలున్నాయి

అంతర్జాతీయ వైద్యవిద్య అంటే ఫీజులు, విమానం టిక్కెట్లు మాత్రమే కాదు. ప్రపంచంలో కొందరు ఈ పనిని ఎంతో శ్రద్ధగా చేశారు, వాళ్లను చదవండి.

మన పిల్లలు వెళ్తున్న ఫిలిప్పీన్స్‌లోనే, లేతె ద్వీపంలో, 1976లో ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయం ఒక ఆరోగ్య విద్యాలయం పెట్టింది. అక్కడికి విద్యార్థిని ఊరు పంపుతుంది. ముందు మంత్రసాని పని నేర్పి ఊరికి పంపుతారు. బాగా చేసి, ఊరు మళ్లీ సిఫారసు చేస్తే నర్సింగ్. ఆ మెట్టు మీద కూడా సేవ చేశాక డాక్టర్ చదువు. ఏ మెట్టు దగ్గర ఆగినా చేతిలో ఒక పని ఉంటుంది, ఊరికి ఒక ఆరోగ్య కార్యకర్త ఉంటుంది. మెట్ల పద్ధతి అంటారు దీన్ని. మన తండా నుంచి ఏఎన్ఎం చదివిన అమ్మాయికి డాక్టర్ కావడానికి ఇట్లాంటి దారి ఈరోజు లేదు. ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

రెండోది క్యూబా. 1998లో మిచ్, జార్జెస్ తుపాన్లు మధ్య అమెరికాను, కరీబియన్‌ను అతలాకుతలం చేశాయి. క్యూబా తన డాక్టర్లను పంపింది. కానీ డాక్టర్లు ఎంతకాలం ఉంటారు? అందుకని ఆ దేశాల పేద పిల్లలనే తెచ్చి ఉచితంగా డాక్టర్లను చేయాలని 1999లో హవానాలో లాటిన్ అమెరికన్ వైద్య పాఠశాల తెరిచింది. చదువు ముగిశాక డాక్టర్లు లేని తమ ప్రాంతాలకు తిరిగి వెళ్లి పనిచేస్తామన్న మాట మీద పిల్లల్ని చేర్చుకున్నారు. ఒక దేశం ఇంకో దేశం పిల్లలకు చదువు చెబుతున్నప్పుడు ఆ పిల్లలు ఎక్కడ పనిచేయాలన్నది మొదటి రోజే మాట్లాడుకోవడం నాకు చాలా నచ్చిన సంగతి.

మన దేశంలో వార్ధా దగ్గర సేవాగ్రామ్‌లోని మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థ 1969 నుంచి ఉంది. అక్కడ ప్రతి బ్యాచ్ ఒక ఊరిని దత్తత తీసుకుంటుంది. 2022లో కమిషన్ అన్ని కళాశాలలకూ కుటుంబ దత్తత కార్యక్రమం తెచ్చింది. మానుకోట ప్రభుత్వ మెడికల్ కాలేజీ అదే ఏడు, జనగామ, భూపాలపల్లి కాలేజీలు 2023లో మొదలయ్యాయి. ఈ మూడు కాలేజీల పిల్లలు తండాల్లో ఇళ్లు పంచుకుని ఎంబీబీఎస్ అంతా అవే ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళితే, విదేశీ విద్యార్థికి మనం చూపించదగిన పాఠం తయారవుతుంది.

7. రాకపోకలు రెండు వైపులా ఉండాలి

ఒప్పందాల్లో చాలావరకు మన పిల్లలు వెళ్లడమే ఉంటుంది, వాళ్ల పిల్లలు రావడం ఉండదు. వచ్చినా రెండు వారాలు ఫొటోలు తీసుకుని వెళ్తారు. వచ్చేవాళ్లకు నియమాలు రాయండి: రోగి ఒప్పుకోకుండా ఫొటో వద్దు, తమ దేశంలో చేయడానికి అర్హత లేని పని ఇక్కడ చేయకూడదు, మన విద్యార్థి పక్కన లేకుండా ఇంటికి వెళ్లకూడదు.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పనిచేసిన గుండె వైద్య నిపుణుడు డాక్టర్ పి.ఎస్. రెడ్డి, తోటి తెలుగు డాక్టర్లతో కలిసి మేడ్చల్ దగ్గర ఘన్‌పూర్‌లో మెడిసిటీ వైద్య సంస్థను నిలబెట్టారు. చుట్టుపక్కల గ్రామాల్లో ఇంటింటికీ ఆరోగ్య వివరాలు రాసే పని కూడా దానితో కలిపారు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు డబ్బు పంపి ఊరుకోకుండా పాఠం, పరిశోధన, ఊరి సేవ మూడింటినీ ఒకచోట కట్టిన ఉదాహరణ అది. డయాస్పోరా డాక్టర్లు ‘ఏం చేయమంటారు సార్’ అని అడిగినప్పుడల్లా అది వెళ్లి చూడమని చెబుతుంటాను.

8. పట్టాకు గుర్తింపు లేకపోతే ప్రతిభ కూడా ఎదురుచూడాలి

యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు సర్జికల్ గౌను వేసుకున్నందుకు ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టా దక్కిందని ఆయన జీవితకథల్లో ఉంది. 1923లో బోస్టన్ చేరారు. అక్కడ డాక్టర్‌గా ఉద్యోగం దొరక్క, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ పోర్టరుగా రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేస్తూ చదువుకున్నారు. తర్వాత ఆయన నాయకత్వంలోని బృందం నుంచి వచ్చిన డీఈసీ మందునే ఈనాటికీ మనం బోదకాలు నివారణకు ఊరూరా పంచుతున్నాం. అంతటి మనిషినే ఒక కాగితం అడ్డుకుంది.

2023 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్‌కు ప్రపంచ వైద్యవిద్య సమాఖ్య పదేళ్ల గుర్తింపు ఇచ్చింది. దానితో మన కాలేజీల పట్టాలకు బయట దారి సుగమమైంది. మన పిల్లల్ని పంపే విశ్వవిద్యాలయానికి కూడా ఆ సమాఖ్య గుర్తించిన సంస్థ నుంచి గుర్తింపు ఉందో లేదో చూడండి.

9. యుద్ధం, అంటువ్యాధి కూడా పాఠ్యప్రణాళికలో భాగమే

2020లో చైనాలో చదివే పిల్లలు ఇళ్లకు వచ్చి చిక్కుకుపోయారు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైతే వేల మంది పిల్లలు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ సరిహద్దులు దాటారు. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద అల్లరిమూకలు పడ్డాయి. ఆ రాత్రులు ఇక్కడి తల్లులు ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఆన్‌లైన్ పాఠం క్లినికల్ శిక్షణ కింద చెల్లదు. చదువు మధ్యలో ఇంకో దేశానికి మారడమూ మామూలుగా కుదరదు. ఉక్రెయిన్ పిల్లలకు 2022 సెప్టెంబరులో కమిషన్ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. అంతకుముందు చివరి ఏడు పిల్లలు కోల్పోయిన వార్డు శిక్షణకు బదులు ఇక్కడ రెండేళ్ల ఇంటర్న్‌షిప్ చేయాలంది. ఇవన్నీ ఆపద వచ్చాక, కోర్టుల దాకా వెళ్లాక దొరికినవి. ఒప్పందంలోనే ఆపద వస్తే ఫీజు ఎవరు వాపసు ఇవ్వాలి, మార్కుల పత్రాలు ఎన్ని రోజుల్లో పంపాలి, ఎవరికి ఫోన్ చేయాలి అని రాయించండి. ఏటా మార్కుల ధ్రువపత్రాల నకళ్లు ఇంట్లో తల్లిదండ్రుల దగ్గర ఉండేట్టు చూడండి.

10. డబ్బు సంగతి

ఆరేళ్ల మొత్తం రూపాయల్లో, హాస్టల్, వీసా, టిక్కెట్లు, తిరిగొచ్చాక కోచింగ్, ఇంటర్న్‌షిప్ కోసం ఎదురుచూసే నెలల ఖర్చుతో సహా ఒక్క కాగితం మీద వేసి ఇవ్వండి. విదేశీ పట్టభద్రుల ఇంటర్న్‌షిప్‌కు కాలేజీల్లో సీట్లు 7.5 శాతానికే పరిమితం కావడంతో ఆ ఎదురుచూపు సంగతి ముందే చెప్పాలి. భూమి తాకట్టు పెట్టే రైతుకు ఇది తెలుసుకునే హక్కు ఉంది.

11. సెలవుల్లో కురవి

చివరగా, నేను చాలాకాలంగా కమిటీల ముందు పెడుతున్న ప్రతిపాదన ఇది. విదేశంలో చదివే మన పిల్లవాడు మూడో ఏడు నుంచి ప్రతి వేసవి సెలవుల్లో ఒక నెల తన మండలంలోనే ఉండాలి. నిబంధనల ప్రకారం ఇది కోర్సు కింద లెక్కకు రాదు, రాకూడదు కూడా. పరిశీలకుడిగా మాత్రమే ఉంటాడు. మందు రాయడు, సూది వేయడు. మొదటి వారం ఆశా కార్యకర్తతో తండాలో తిరగాలి. రెండో వారం ఆరోగ్య కేంద్రం ఓపీలో మూల కుర్చీలో కూర్చుని వినాలి. మూడో వారం మానుకోట ఆస్పత్రి క్యాజువాలిటీలో, రాత్రి డ్యూటీలతో సహా. నాలుగో వారం బీపీ, షుగర్ మందు ఆపేసిన ఐదు ఇళ్లకు ఏఎన్ఎంతో కలిసి వెళ్లి ఎందుకు ఆపారో అడిగి రాయాలి. బిళ్లలు అయిపోయి ఆపారా, కూలికి వెళ్లే రోజు క్లినిక్ రోజు ఒకటేనా, వేడి చేస్తుందని ఎవరైనా చెప్పారా.

నెల చివర రాతపరీక్ష పెట్టొద్దు. వైద్యాధికారి ఆ ఐదు ఇళ్లలో ఒక ఇంటికి తానే వెళ్లి, ఆ ఇల్లాలిని అడగాలి: ‘అమ్మా, ఈ బిళ్ల ఎందుకు రోజూ మింగాల్నో ఆ పిల్లగాడు చెప్పిండా? ఏమని చెప్పిండు?’ ఆమె తన మాటల్లో చెప్పగలిగితే ఆ నెల ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి. చెప్పలేకపోతే ఆ పిల్లవాణ్ణి మరుసటి వారం మళ్లీ అదే ఇంటికి పంపాలి.